ఎడమ చేతి ముద్ద

నోటి మాటకే అంత బలముంటే ఈపాటికి మేడ్చల్ చుట్టుపక్కల సగం మంది మొగవాళ్లు మూగవాళ్లయి కూర్చుని ఉండాలి. "నీ నోరు పడిపోను" అని మొగుణ్ణి తిట్టని ఆడది ఆ ఊళ్లలో ఉందా అసలు? పొద్దున తిడతారు, మాపటికి అదే నోటికి ఇంత వండి పెడతారు. తిట్టు తిట్టే, కూడు కూడే. అట్లాంటిది ఎలీషమ్మ తిట్టు ఒక్కటే తగిలిందని ఊరంతా అన్నది. ఊరికేం పోయింది, ఎద్దు పుండు కాకికి ముద్దా! ఆ మాట ఎలీషమ్మ కూడా నమ్మింది చూశారూ, అదే అసలు దౌర్భాగ్యం.

ఎలీషమ్మ పెనిమిటి దానియేలు. మేడ్చల్ స్టేషన్ దగ్గర రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ. వాళ్ల ఊరు మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ నడుమ. తెల్లవారకముందే లేచి నడిచిపోయేవాడు. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు. పదిమంది కలిసి పట్టా ఎత్తాలంటే "జోర్ లగాకే... ఐసా!" అని కేక వేసేది అతనే. ఆ కేక లేకపోతే పట్టా జానెడు కూడా లేవదని మేస్త్రీయే ఒప్పుకునేవాడు. ఇంటికొచ్చినా ఆ నోటికి సెలవు లేదు. ఎదురొచ్చిన ప్రతి మనిషి మీదా ఒక ఎగతాళి, అందరికన్నా ఎక్కువ పెళ్లాం మీద.

రెండో పెద్ద యుద్ధం మొదలైన మరుసటేడు, క్రిస్మస్‌కు ముందర, సంఘం ఆడవాళ్లంతా గుడిలో కూర్చుని పాటలు నేర్చుకుంటున్నారు. ఎలీషమ్మది బండ గొంతు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న దానియేలు ఊరుకోవచ్చు కదా!

"మా ఎలీషమ్మ గొంతెత్తితె దేవదూతలు గుడ చెవులు మూసుకుంటరు. ఆళ్లకు గా తిప్పలెందుకు, జర మెల్లగ పాడు," అన్నాడు.

గుడిలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఎలీషమ్మకు తల కొట్టేసినట్టయింది. "థూ, నీ నోరు పడిపోను! గుడిల గుడ నీ కూతలేనా!" అని అందరి ముందూ అరిచింది. ఆ అరుపుకు అందరికన్నా గట్టిగా నవ్వింది దానియేలే.

తెల్లారి పట్టాల మీద గడ్డపార అందుకోవడానికి వంగినవాడు వంగినట్టే పక్కకు ఒరిగిపోయాడు. గ్యాంగువాళ్లు ట్రాలీ మీద స్టేషన్‌కు తెచ్చి, అక్కణ్ణుంచి లష్కర్‌లో, అదే సికింద్రాబాద్‌లో, ఒక ఆసుపత్రికి చేర్చారు. ఎలీషమ్మ పోయి చూసేసరికి మూతి ఎడమ పక్కకు వంకరపోయి ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు ఎవరివో తెచ్చి మంచం మీద పెట్టినట్టున్నాయి. పక్షవాతం అన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. మాట సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పది రోజులు ఎదురుచూస్తే ఆ నోట్లోంచి ఒకే ఒక్క మాట వచ్చింది. "ఐసా."

ఆకలైనా ఐసా, దాహమైనా ఐసా. పెళ్లై కీసర దగ్గర ఉంటున్న కూతురు కృపమ్మ పరిగెత్తుకొచ్చి "నాయినా" అని మీద పడి ఏడిస్తే, ఆ పిల్ల తల నిమురుతూ కూడా ఐసా. ఎదుటివాళ్ల మాటలన్నీ అర్థమవుతున్నాయని అతని కళ్లు చెబుతున్నాయి. తన మాటలే తనకు దొరకటం లేదు. నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. ఎలీషమ్మ నోరు మొగుడి ప్రాణం మీదికి తెచ్చిందని ఊళ్లో ఆడవాళ్లు బావి దగ్గర చెప్పుకున్నారు. ఆమె వచ్చేసరికి మాట మార్చేవాళ్లు. ఆ మార్చడం ఆమెకు తెలిసేది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. "ఎడమ చెయ్యి మంచిగున్నది గదమ్మా. దాంతోని తిననియ్యి, గుండీలు పెట్టుకోనియ్యి. ఆయన పనులు ఆయన్నే చేసుకోనియ్యాలె. అన్నీ నువ్వే చేస్తె ఉన్న చెయ్యి గుడ మొద్దుబారుతది."

ఎలీషమ్మ తల ఊపింది. ఊపింది గానీ ఆ మాట లోపలికి పోతే కదా! మొగుణ్ణి పడేసింది తను. పడేసి, ఇప్పుడు "నీ పని నువ్వు జేస్కో" అనాలా? నర్సమ్మకేం, తిట్టింది ఆమె కాదు.

ఊరికి తెచ్చిన మర్నాడు ప్రార్థన చేయడానికి సంఘం వాళ్లు వచ్చారు. సంఘాన్ని నడిపే ఉపదేశి సత్యానందం గారు దానియేలు మంచం అంచున కూర్చున్నారు, ఆడవాళ్లు గోడవార కూర్చున్నారు. ప్రార్థన అయింది. పొద్దెక్కింది కదా అని ఎలీషమ్మ దానియేలు ముందు పళ్లెంలో అన్నం పెట్టి, చారు తేవడానికి పొయ్యి దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేసరికి దానియేలు ఎడమ చెయ్యి అన్నంలో ఉంది.

అందరూ చూస్తున్నారు. ఎడమ చెయ్యి! కడుక్కునే చెయ్యి! పసిపిల్ల ఆ చేత్తో బెల్లం ముక్క అందుకుంటేనే "ఛీ, గా చెయ్యి గాదు" అని తల్లి లాగేస్తుంది. అట్లాంటిది ఉపదేశి గారి ముందు, పదిమంది ముందు, అన్నంలో! అప్పటికే నలుగురి నోళ్లలో నలుగుతున్న మనిషి ఎలీషమ్మ. ఆమెకు ముందూ వెనకా తోచలేదు. వంగి ఆ చేతి మీద ఫటేలుమని ఒక్కటి కొట్టింది.

"ఛీ! గా చేత్తోని తింటవా? నేను సచ్చిన్నా ఏంది? నేను తినిపియ్యనా?"

దానియేలు చెయ్యి తీసేశాడు. వేళ్లకు అంటిన మెతుకులను ఒకసారి చూసుకున్నాడు. ఆ చేతిని దుప్పటి కిందికి పోనిచ్చి ఇక బయటికి తీయలేదు. ఎలీషమ్మ తన కుడి చేత్తో ముద్ద కలిపి నోటికి అందించింది. తిన్నాడు. గోడవార ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. "పెండ్లామంటె గిట్లుండాలె" అని ఒకామె అంటే మిగిలినవాళ్లు ఔనన్నారు. ఆ మాట ఎలీషమ్మ చెవిలో చల్లగా పడింది.

ఆ ఆదివారం ఆమె గుడిలో లేచి నిలబడి అందరి ముందూ మొక్కుబడి చేసుకుంది. తన నోరు చేసిన పాపానికి, ఆయన బతికున్నన్నాళ్లూ తన చేత్తోనే ముద్ద పెడతానన్నది.

అన్నమాట నిలబెట్టుకుంది. కొంచెం తక్కువ ఆరేండ్లు, రోజుకు మూడు పూటలు. షామీర్‌పేట చెరువు కింద నాట్లకు పోతే కూలి బాగా గిట్టేది, కానీ మధ్యాహ్నం ముద్దకు ఇంటికి అందుకోలేనని పోలేదు. ఊరి పక్క పొలాల్లోనే కలుపు తీసి, పొద్దు నడినెత్తికి రాగానే కొంగు బిగించి ఇంటికి పరిగెత్తేది. మొహం కడగడం ఆమే, నీళ్లు పోయడం ఆమే, చొక్కా తొడిగి గుండీలు పెట్టడం, తల దువ్వడం అన్నీ ఆమే. కుడి బుగ్గలో అన్నం నిలిచిపోతే తన వేలు పెట్టి తీసేది. అతను కర్ర అందుకోబోతే "పడతవ్, పడతవ్" అని చంకకింద దూరి పట్టుకునేది. పావురం నెత్తురు పట్టిస్తే నరాలు లేస్తాయని ఎవరో అంటే పావురాలు తెప్పించి పట్టించింది. పడిపోయిన కుడి చెయ్యి లేవలేదు. బాగున్న ఎడమ చెయ్యి ఆమె ఎదురుగా ఎప్పుడూ ఒడిలో ఊరికే పడి ఉండేది.

మూడో ఏటికి మనిషి బరువెక్కాడు. కూర్చున్న చోటే కూర్చుని నడుము కింద పుండ్లు పడ్డాయి. వాటినీ ఆమే కడిగింది, ముక్కు మూసుకోకుండా కడిగింది. ఉన్నట్టుండి అతని కళ్లల్లోంచి నీళ్లు కారేవి. "ఏందయ్యా, ఏం గావాలె?" అని అడిగితే, ఐసా. ఇంకేం చేయాలో తెలియక ఇంకో ముద్ద కలిపేది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ చాకిరీలో ఎలీషమ్మకు ఒక సుఖం దొరికింది. సత్యానందం గారు ప్రసంగంలో ఆమె పేరు ఎత్తేవారు. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆమెను చూపించి తమ కోడళ్లకు బుద్ధులు చెప్పేవాళ్లు. మొగుణ్ణి తిట్టిన ఎలీషమ్మను ఊరు మరిచిపోయింది, మొగుడికి తినిపించే ఎలీషమ్మే మిగిలింది. ఆ పేరు ఆమెకు తియ్యగా ఉండేది. తర్వాతి రోజుల్లో ఆమె గుండెను రంపంలా కోసింది ఇదే. "నేను ముద్ద ఆయన నోటికి పెట్టిన్నా, ఊరి నోటికి పెట్టిన్నా?" అని తనను తానే అడుక్కునేది.

యుద్ధం అయిపోయిన మరుసటేడు, వానకాలంలో కీసర నుంచి మనిషి వచ్చాడు. కృపమ్మకు రెండో కాన్పు కష్టమైంది, తల్లిని రమ్మంటోంది. ఎలీషమ్మ ఎటూ తేల్చుకోలేకపోయింది. పోకుంటే బిడ్డ, పోతే మొగుడు. చివరికి యారాలు పెంటమ్మను పిలిచింది. పెంటమ్మ దానియేలు తమ్ముడి పెళ్లాం, పక్క ఇల్లే. మంచిదా చెడ్డదా అంటే చెప్పలేం గానీ, ఓపిక మాత్రం వీసమెత్తు లేని మనిషి.

"ముద్ద చిన్నగ పెట్టాలె పెంటమ్మా, ఉసిరికాయంత. కుడి బుగ్గల ఆగుతది, ఏలు పెట్టి తియ్యాలె. ఒకటి మింగినంకనే ఇంకోటి. నీళ్లు ఒక్కపారే పొయ్యకు, పొలమారుతది."

"పో అక్కా, పో. నేను పిల్లల్ని సాకలేదా ఏంది? బావను ఎవలన్న ఎత్తుకపోతరా? నువ్వు జల్దీ నడువ్, ఆడ పొల్ల పరేషాన్ అయితాంది."

రెండు రోజులనుకున్నది పదకొండు రోజులైంది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని పుణ్యమా అని తల్లీ పిల్లా బతికారు గానీ కృపమ్మకు జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గేసరికి వాగు పొంగింది. పళ్లెం ముందు కూర్చున్నప్పుడల్లా ఎలీషమ్మకు ముద్ద దిగేది కాదు.

"చిన్నమ్మ ఉన్నది గదనే అవ్వా, పెడతది తియ్యి," అనేది కృపమ్మ.

"నీకేం ఎరుక బిడ్డా. మీ నాయిన నా చేతి ముద్ద తప్పితె ఇంకోలది ముట్టడు," అనేది ఎలీషమ్మ. అందులో దిగులు ఎంతో, గర్వమూ అంతే.

పన్నెండో రోజు వాగు తీసింది. షామీర్‌పేట దాకా ఎవరిదో బండి దొరికింది. అక్కడి నుంచి మూట చంకన పెట్టుకుని ఒకటే నడక. మనిషి ఎండిపోయి ఉంటాడు, మంచం మీద మూలుగుతూ ఉంటాడు అనుకుంటూ నడిచింది. ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ముందు నుంచి పోతే ఎవరైనా పలకరించి ఆపుతారని పెరటి తడిక వైపు నుంచి వచ్చింది.

పెంటమ్మ లేదు. వెనక వసారాలో దానియేలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు పళ్లెం ఉంది. అది జరగకుండా ఎడమ కాలి మడమ అడ్డం పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో జొన్న గట్కను పచ్చిపులుసులో మెదిపి, ఉసిరికాయంత ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కుడి బుగ్గలో నిలిచినదాన్ని అదే వేలితో లోపలికి తోసుకున్నాడు. భుజం మీది తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. చెంబు ఎత్తి, తల కాస్త వంచి, పొలమారకుండా రెండు గుక్కలు తాగాడు. తొందర లేదు, తడబాటు లేదు. గ్యాంగులో పనిచేసే రోజుల్లో సద్ది మూట విప్పుకుని తిన్నట్టే తింటున్నాడు. మొహంలో ఎంత నిమ్మళం! ఇన్నేండ్లలో ఆ నిమ్మళాన్ని ఆమె ఒక్కనాడూ చూడలేదు.

ముందు ఆమెకు సంతోషమే కలిగింది. సంతోషం పట్టలేక ఒక అడుగు వేసింది. తడిక కిర్రుమంది. దానియేలు తలెత్తి చూశాడు.

అంతే. చెయ్యి పళ్లెంలోంచి ఉలిక్కిపడ్డట్టు లేచింది. గబగబా పంచెకు తుడుచుకుని, ఆ చేతిని పడిపోయిన కుడి చెయ్యి కింద దాచుకున్నాడు. తల వంచుకున్నాడు. తర్వాత మెల్లగా మొహం పైకెత్తి, ఆమె వైపు నోరు తెరిచాడు.

ఎలీషమ్మ చంకలోని మూట జారి కింద పడింది.

కాసేపటికి పెంటమ్మ చేను నుంచి వచ్చింది. "ఎప్పటి సంది తింటుండు?" అని ఎలీషమ్మ అడిగితే ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"ఎప్పటి సంది ఏందక్కా, మొదటి దినం సంది. నాకు కలుపుకు పొద్దువోతాంది, ఒక్కొక్క ముద్ద పెట్టుకుంట ఎవలు కూసుంటరు? పళ్లెం ముందల పెట్టి, తింటె తిను బావా లేకుంటె కుక్కకేస్త అని పొయ్యిన. వచ్చి జూస్తె పళ్లెం కడిగి బోర్లిచ్చి ఉన్నది. మూడో దినం కర్ర వట్టుకోని పెరట్లకు గుడ పొయ్యొచ్చిండు. నేనేం నేర్పలే." ఎలీషమ్మ మొహం చూసి పెంటమ్మకు భయం వేసింది. "ఏందక్కా, తప్పు జేసిన్నా?"

మొదటి దినం సంది! అంటే చాతనవును. ఎప్పటి నుంచి చాతనవును? ఎలీషమ్మకు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. ఒకనాడు చేను నుంచి వచ్చేసరికి బొబ్బర్ల కుప్ప సగం ఒలిచి ఉంటే, పెంటమ్మ పిల్లలు ఒలిచారనుకుంది. ఇంకోనాడు తాను మరిచిపోయిన పై గుండీ పెట్టి ఉంటే, తానే పెట్టానేమో అనుకుంది. చూసే కళ్లుంటే అన్నీ ఎదుటే ఉన్నాయి. మరి ఇన్నేండ్లు ఈ మనిషి నోరెందుకు తెరిచాడు? ఆ దెబ్బకు జడిసా? పదిమందిలో పోయిన పరువుకు కుమిలా? లేక తినిపిస్తే తప్ప పెళ్లానికి మనసు నిమ్మళించదని తెలిసి, పోనీలే అని తెరిచాడా? కాళ్ల దగ్గర కూర్చుని అడిగింది.

"ఐసా," అన్నాడు దానియేలు.

ఓపికతో చేసిన ప్రేమ మనిషిని కూలబెట్టింది, ఓపికలేని పెంటమ్మ పన్నెండు రోజుల్లో లేపింది. నర్సమ్మ చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు గంట కొట్టినట్టు వినపడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!

అయినా పట్టుకోక తప్పుతుందా? మర్నాడు పళ్లెం అతని ఎడమ పక్కన పెట్టింది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. "నేనే కొట్టిన. బుద్ధిలేక కొట్టిన. గీ చేత్తోనే తిను. ఎవలేమంటరో నేను జూస్త," అన్నది.

దానియేలు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నోరు తెరిచాడు.

ఆమెకు ఏం చేయాలో తోచక తన పళ్లెం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "ఇగో, నేను గుడ గిట్లనే తింట," అని తన ఎడమ చెయ్యి అన్నంలో పెట్టింది. దానియేలు కళ్లు పెద్దవయ్యాయి. వాకిలి వైపు చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని. తర్వాత వంగి, దాచుకున్న ఎడమ చెయ్యి బయటికి తీసి, ఆమె మణికట్టు పట్టుకుని, ఆ చేతిని అన్నంలోంచి మెల్లగా తీసి పక్కన పెట్టాడు. ఆమెలాగా కొట్టలేదు. అదే ఆమె భరించలేకపోయింది. కొంగు మొహం నిండా కప్పుకుని బావురుమంది.

రెండు రోజులు ఆమె తినిపించనన్నది, అతను చెయ్యి బయటికి తీయలేదు. ఇద్దరూ పస్తు. మూడో రోజు పెంటమ్మ తడిక మీదుగా తొంగి చూసి కసిరింది. "పోలీసోని లెక్క ఎదురుంగ కూసుంటె ఎవలు తింటరక్కా? ముద్దులు మురిపాలు సాలు గని, బయటికి నడువ్!"

ఎలీషమ్మ లేచి వాకిట్లోకి పోయి, వీధి వైపు మొహం పెట్టి అరుగు మీద కూర్చుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పళ్లెం నేలకు రాసుకున్న చప్పుడు వినపడింది. ఇంకాసేపటికి చెంబు కింద పెట్టిన చప్పుడు. ఆమె కదలకుండా కూర్చుని విన్నది.

ఇక ఊరు ఊరుకుంటుందా? మెచ్చినవాళ్లే మూతులు తిప్పుకున్నారు. దేవుని ముందు చేసిన మొక్కు మరిచిందని, మొగుణ్ణి ఎడమ చేతి కూటికి వదిలేసి అరుగెక్కి కూర్చుంటోందని అన్నారు. సత్యానందం గారు ఇంటికి వచ్చి మెత్తగానే అడిగారు. "మొక్కుకుంటివి గదమ్మా?"

"మొక్కుకున్నది నేను, అయ్యగారూ. ఆకలి ఆయనది," అన్నది ఎలీషమ్మ. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ప్రసంగంలో ఆమె పేరు కూడా ఎత్తలేదు.

దానియేలు ఇంకో మూడేండ్లు బతికాడు. గుండీలు తనే పెట్టుకున్నాడు. కర్ర పట్టుకుని గుడిదాకా నడిచాడు. పుండ్లు మానాయి. ఆ మొదటి ఏడే ఆ చేతిని ఆపకపోయి ఉంటే ఇంకెంత లేచేవాడో, ఎవరికి తెలుసు? ఎలీషమ్మ ఆ లెక్క మనసులో వేసుకోని రోజు లేదు.

ఒకే ఒక్కసారి ఆశ ఆపుకోలేకపోయింది. ఒక మధ్యాహ్నం అరుగు మీద నుంచి తల తిప్పి తలుపు సందులోంచి చూసింది. ఎట్లా తెలిసిందో, దానియేలు కూడా అప్పుడే ఇటు చూశాడు. చెయ్యి దాక్కుంది. నోరు తెరుచుకుంది. ఎలీషమ్మ గబుక్కున వీధి వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ తల తిప్పలేదు. ఆ మూడేండ్లూ ఆయన తినడం ఇంటికి వచ్చిపోయిన ఊరివాళ్లంతా చూశారు, ఆమె తప్ప.